బాస్ గిటార్ ఆగిన చోట

పాటలో బాస్ గిటార్ ఎక్కడ మోగుతుందో పెళ్లయిన చాలా ఏళ్ల వరకూ నాకు తెలియదు. అబద్ధమెందుకు, ఇప్పటికీ సగం పాటల్లో దొరకదు. పాడే మనిషి గొంతు వినిపిస్తుంది, వయొలిన్లు వినిపిస్తాయి, తబలా వినిపిస్తుంది. "వాటి కింద ఉందోయ్, కింద విను" అనేవాడు మా ఆయన. "కింద అంటే యాడ? మంచం కిందనా?" అనేదాన్ని. అప్పుడు నా చేయి లాక్కుని, పాట నడుస్తున్నంతసేపూ అరచేతిలో రెండు వేళ్లతో కొట్టి చూపించేవాడు. చేతికి తెలిసేది. చెవికి మాత్రం తెలిసేది కాదు.

నిజానికి నా చెవులు మంచివే. నా బతుకంతా గొంతుతోనూ చెవులతోనూ నడిచింది. ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో హీరోయిన్లకు గొంతు అరువిచ్చే పని నాది. తెలుగు రాని అమ్మాయిలు తెర మీద పెదాలు కదిపితే వాళ్ల ఏడుపు, నవ్వు, అలక అన్నీ నావి. నేను పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. మా అమ్మ భాష "ఏందే, ఎటు వోతున్నవే". మైకు ముందు నిలబడితే మాత్రం "ఏంటండీ, ఎక్కడికి వెళ్తున్నారు" అనాలి. కొత్తలో "ఏంది" అని నోరు జారితే చాలు, అద్దం అవతలి నుంచి "మేడమ్, మళ్లీ" అని వినిపించేది. ఇప్పుడు సినిమాల్లో మా యాసకు గిరాకీ వచ్చింది. అది వచ్చేసరికి నా దగ్గర గొంతు లేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

కాబట్టి నాకు రెండు గొంతులు. ఒకటి స్టూడియోది, సన్నగా, చక్కెర పాకంలో ముంచి తీసింది. రెండోది ఇంటిది. దాంట్లో పాకం లేదు, కారమే. మాకు పిల్లలు లేరు. మా అమ్మ పోయాక ఆ రెండో గొంతు రోజూ విన్నది మా ఆయన ఒక్కడే. దాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. పొద్దంతా మైకు ముందు నిలబడి వచ్చినదాన్ని, ఇంటికొచ్చి ఫోన్లో గొంతు సందేశాలు పెట్టే ఓపిక నాకెక్కడిది? పైగా హీరోయిన్ గొంతు బయట ఫంక్షన్లలో వినిపిస్తే నిర్మాతలకు నచ్చదు. పెళ్లి వీడియో ఉంది కదా అంటే, అది తీసిన మహానుభావుడు మాటలన్నీ తీసేసి పాటలు అంటించాడు. నా పెళ్లిలో నేను నోరు తెరిచి మాట్లాడుతుంటాను, ఎవరో పాడుతుంటారు.

మా ఆయన గోదావరి వైపు మనిషి. జూబ్లీ హిల్స్‌లో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగం. కాలేజీలో బ్యాండు పెట్టుకున్నప్పుడు మంచి వాయిద్యాలన్నీ తలా ఒకరు పట్టుకుపోతే, ఎవరికీ అక్కర్లేని నాలుగు తీగల బాస్ గిటార్ ఈయనకు మిగిలిందట. మిగిలినదాన్ని ప్రేమించడం ఆయనకు బాగా చేతనయింది. బ్యాండు విడిపోయింది, ఈయన మాత్రం దాన్ని వదల్లేదు. తర్వాత వాయించడం సరిపోలేదు, తయారు చేయడం మొదలుపెట్టాడు. వెంగళరావు నగర్‌లో మా ఫ్లాటు వెనక గది అందుకే పోయింది. చుట్టాలొస్తే పడుకోవడానికి ఉంచుకున్న గది అది. అందులో చెక్కలు, బిగింపులు, రాగి తీగ చుట్టలు, గాజు బుడ్లు చేరాయి. మా చుట్టాలు వరండాలో పడుకున్నారు.

గాజు బుడ్లంటే వాల్వులు. పాత రేడియోల్లో ఉండేవే. లోపల సన్నటి తీగ ఎర్రగా కాలితే గానీ శబ్దం రాదు. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకు వెళ్లి, పాడైపోయిన రేడియోలు మోసుకొచ్చి, వాటి పొట్టలు కోసి వాల్వులు తీసేవాడు. వాటితో ఆంప్లిఫైయర్లు కట్టేవాడు. ఆయన కట్టిన దానికి రెండు స్విచ్చులుంటాయి. మొదటిది వేస్తే బుడ్లు వేడెక్కుతాయి. అవి ఎర్రబడేదాకా ఆగి రెండోది వేయాలి. "ఎసరు మరిగాక బియ్యం పోస్తాం చూడు, అలాగ" అని నాకు చెప్పాడు. "ఎసరు పెట్టనీకి మాత్రం రాదు గానీ" అన్నాను. నవ్వాడు. నా మాటలకు ఆయన ఎప్పుడూ నవ్వేవాడు, అదే నాకు ఇంకా మండేది.

ఒకసారి జూబ్లీ హిల్స్‌లో సినిమావాళ్ల పాత బంగళా ఒకటి పడగొట్టారు. దాని జాగాలో లేచే అద్దాల మేడకు డ్రాయింగులు గీసింది వీళ్ల ఆఫీసే. బంగళా తలుపుల్లో ఒకటి ఆటో వెనక కట్టుకుని ఇంటికి తెచ్చాడు. టేకు తలుపు, పడుకోబెడితే మంచమంత. లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీదుగా వాచ్‌మన్‌తో కలిసి మోసుకొస్తుంటే నేను గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"గిదేంది? ఉన్న తలుపు పోయిందా మనకు?"

"ఇది తలుపు కాదోయ్. గిటార్."

"మీకేమన్న సోయి ఉందా?"

"వాసన చూడు, ఎంత బాగుందో" అన్నాడు, చెమటలు కక్కుతూ.

ఆ తలుపులోంచి బాస్ గిటార్ ఒళ్లు కోశాడు. టేకులో నూనె ఉంటుందట, జిగురు పట్టదట, అతికించేముందు థిన్నర్‌తో తుడవాలట. ఆ వాసనకు నా గొంతు పట్టేసింది. మర్నాడు రికార్డింగ్ ఉంది. ఇల్లు లేచిపోయేలా అరిచాను. ఆ రోజు నుంచి తుడిచే పనులన్నీ బాల్కనీలోకి మార్చుకున్నాడు. పాత తలుపు గొళ్లెం బెజ్జం గిటార్ మీద అలాగే ఉంచేశాడు. పూడ్చమంటే, "దాని పుట్టుమచ్చ అది, ఉండనీ" అన్నాడు.

ఇక్కడ ఆయన అలవాటు ఒకటి చెప్పాలి. నేను గడపలో నిలబడి మాట్లాడితే వాయించడం ఆపేసేవాడు. అరచేయి నాలుగు తీగల మీదా పరిచి, మోత పూర్తిగా అణిగేదాకా ఉంచి, తల ఎత్తి నా మాట వినేవాడు. ఎంత చిన్న మాటైనా సరే. ఉప్పు అయిపోయిందన్నా ఆపేవాడు. "ఆపుడెందుకు, వాయించుకుంటనే వినుండ్రి" అని ఒకసారి విసుక్కున్నాను.

"రెండూ కలిస్తే నీ మాట పాడవుతుందోయ్" అన్నాడు.

గిటార్‌కు ఏ చిన్న మార్పు చేసినా కంప్యూటర్‌లో రికార్డు చేసి దాచుకునేవాడు. మైకు కనపడక, ఎట్లా ఎక్కుతుందని అడిగాను. నాకు తెలిసిన రికార్డింగ్ అంటే మైకే కదా. "దీనికి మైకు అక్కర్లేదు. తీగల కింద అయస్కాంతం ఉంటుంది. ఇనప తీగ కదిలితేనే దానికి తెలుస్తుంది. ఇక్కడి నుంచి వైరు మీద సరాసరి కంప్యూటర్‌లోకి. నువ్వు పక్కన నిలబడి ఎంత అరిచినా ఎక్కదు" అన్నాడు.

"నయం. దానికైన నా పోరు లేదు" అన్నాను.

అట్లా నడిచిపోతుండగా ఒక రోజు, "ఆంప్లిఫైయర్ మందగించిందోయ్" అన్నాడు. శబ్దంలో మెరుపు పోయిందట, దుప్పటి కప్పి వాయించినట్టుందట. నాకైతే ఎప్పటి డుబ్ డుబ్బే. ముందు తీగలు మార్చాడు. కొత్త తీగలు కొన్నాళ్లు గణగణమంటాయట. కొన్నాళ్లు సంతోషంగా ఉన్నాడు, మళ్లీ అదే మాట. తర్వాత వాల్వులు మార్చాడు. ఆ తర్వాత సన్న శబ్దాన్ని అణిచే భాగాలేవో ఆంప్లిఫైయర్ లోపలి నుంచి ఒక్కొక్కటే పీకేశాడు. చివరికి పెద్ద స్పీకరు పక్కన కీచుమనే బుల్లి స్పీకరు కూడా ఒకటి బిగించాడు. ఒక ఏడాది పైనే ఇదే యావ. ఆఫీసు నుంచి వచ్చి టీ తాగి, స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడు.

ఈలోపు ఇంట్లో నాకు తల ప్రాణం తోకకొస్తోంది. కుక్కర్‌లో పప్పు పెట్టి, కూతలు వినమని చెప్పి స్నానానికి వెళ్తే మాడు వాసనకు బయటికి పరిగెత్తేదాన్ని. "కూసిందా? ఇక్కడే ఉన్నానే!" అనేవాడు, అమాయకంగా. డోర్ బెల్ మోగితే లేవడు. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. నేను నిర్లక్ష్యం అనుకున్నాను. ఏ భార్యయినా అదే అనుకుంటుంది. ఆ గిటార్ పిచ్చి ముదిరి ఇక ఇల్లూ వద్దు, పెళ్లామూ వద్దు అన్నదాకా వచ్చిందనుకున్నాను.

పై ఫ్లాటు పెద్దమనిషి ఒక రోజు దిగి వచ్చాడు. "అన్నా, ఏమనుకోకు. ఇంతకుముందు మంచిగుండె, డుబ్ డుబ్ అంటుంటే పగటి నిద్ర పట్టేది నాకు. ఇప్పుడు గా గీకుడేంది? రేకు మీద మొలతోని గీకినట్టు, పండ్లు జివ్వుమంటున్నయ్."

"ఇంకా సరిగ్గా కుదరలేదండీ. కుదిరాక మీరే మెచ్చుకుంటారు" అన్నాడు మా ఆయన. పెద్దమనిషి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

మా డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీరు ఒకతను నన్ను అక్కా అంటాడు, ఆయన్ను బావా అంటాడు. నాకు సొంత తమ్ముడి కింద లెక్క. ఒక ఆదివారం తలకాయ కూర వండి తమ్ముణ్ని భోజనానికి పిలిచాను. వాడు రావడంతోనే మా ఆయన, "రా రా, ఒక్కసారి చెవి వెయ్యి" అని వెనక గదిలోకి లాక్కుపోయాడు. రెండు స్విచ్చులు వేసి, టేకు గిటార్ ఒళ్లో పెట్టుకుని వాయించాడు. వంటింట్లో నేను కూర కలుపుతున్నాను. ఆ కీచుకు నాకే చెవులు మూసుకోవాలనిపించింది.

"బావా, ఆగు ఆగు. గా ట్రెబుల్ గింత పెట్టినవేంది?" తమ్ముడి గొంతు వినిపించింది. సన్న శబ్దాన్ని పెంచే ఆ బిరడా చివరిదాకా తిప్పి ఉందట. వాడు దాన్ని తగ్గించాడు. నాకు హాయిగా అనిపించింది. "ఇప్పుడెట్లుంది?"

"ఇప్పుడు మళ్లీ దుప్పటి కప్పేశావు" అన్నాడు మా ఆయన.

తర్వాత ఒక్కసారిగా సూదిలాంటి కూత ఒకటి ఇల్లంతా పాకింది. గరిటె చేత్తో పట్టుకుని, "ఏందిరా తమ్మీ గది, చెవులు పోతున్నయ్!" అని అరుచుకుంటూ వెళ్లాను. గదిలో తమ్ముడు ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ కూత ఆ ఫోనులోంచే వస్తోంది. ఎదురుగా మా ఆయన గిటార్ ఒళ్లో పెట్టుకుని, పరీక్షకు సిద్ధంగా ఉన్న పిల్లాడిలా నవ్వుతూ, "ఊఁ, ఎప్పుడు మొదలుపెడతావు?" అని అడిగాడు.

తమ్ముడు ఫోను ఆపేశాడు. "బావా, ఆంప్‌కు ఏం కాలేదు" అన్నాడు నెమ్మదిగా. ఆ రోజు కూర ఎవరం సరిగ్గా తినలేదు.

చెవి డాక్టరు కంప్యూటర్ తెర మీద ఒక గీత చూపించాడు. లావు శబ్దాలుండే ఎడమ వైపు బాగానే ఉండి, సన్న శబ్దాలుండే కుడి వైపుకు జారిపోయింది ఆ గీత. సన్నటి శబ్దాలు పట్టే నరం చచ్చిపోతోందనీ, మళ్లీ రాదనీ, ఇంకా పోతుందనీ చెప్పాడు. కూతలు, గంటలు, ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు ముందు పోతాయి. లావు శబ్దాలు చివరిదాకా ఉంటాయి. ఇదంతా డాక్టరు చెప్తుంటే మా ఆయన డాక్టరు పెదాలే చూస్తున్నాడు. ఆయన చాలా కాలంగా అందరి పెదాలూ చూస్తున్నాడని నాకప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చే దారిలో, "అయితే ఇన్నాళ్లూ బాగున్నదాన్ని కూర్చోబెట్టి రిపేరు చేశానన్నమాట!" అని పెద్దగా నవ్వాడు. నవ్వి, కిటికీ వైపు తిరిగాడు. ఫిల్మ్ నగర్ మలుపు దాటాక, "ముందు పోయేది నీ గొంతేనట" అన్నాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలుసా, ఆ బాస్ గిటార్ మీద. నా జన్మలో నేను సరిగ్గా వినలేని ఆ డుబ్ డుబ్ ఆయనకు మిగులుతుంది. నేను మిగలను.

ఆ ఏడాది చేసిందంతా విప్పేశాడు. బుల్లి స్పీకరు పీకేశాడు, పాత భాగాలు మళ్లీ అతికించాడు. "మామూలు చెవులకు ఎంతుండాలో మీరే చెప్పండి" అని నన్నూ తమ్ముణ్నీ కూర్చోబెట్టి బిరడా తిప్పించి, మేము సరే అన్న చోట పెన్సిలుతో గీత గీసుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు.

చెవి మిషన్లు కొన్నాం. ఆఫీసులో పెట్టుకునేవాడు, ఇంటికి రాగానే తీసి డబ్బాలో పెట్టేవాడు. ఎందుకని పోట్లాడాను. "వాటిలోంచి వింటే నువ్వు నువ్వు కాదోయ్. కస్టమర్ కేర్ అమ్మాయివి. ఆ అమ్మాయితో నాకేం పని?" అన్నాడు. అందుకని నేనే గొంతు మార్చాను. నాకు అది పనే కదా. సన్న గొంతు అందకపోతే లావు గొంతు. కడుపులోంచి తీసి, మగవాళ్లలా గట్టిగా, "అన్నం తింటరా" అనడం నేర్చుకున్నాను. కొన్నాళ్లు అందింది. తర్వాత ఇంకా లావుగా, ఇంకా గట్టిగా. వంటింట్లో నుంచి, బాల్కనీలో నుంచి, పొద్దున్నుంచి పడుకునేదాకా అదే పని.

ఈయన ఊరుకుంటాడా? బంగళా తలుపులో మిగిలిన చెక్కతో పెట్టె కట్టి, వాల్వులు పెట్టి, నా కోసమని ఒక ఆంప్లిఫైయర్ తయారు చేశాడు. వంటింట్లో పొయ్యి పక్కన మైకు తగిలించాడు. పెట్టె హాల్లో ఆయన కుర్చీ పక్కన. ఇన్నేళ్లలో మొదటిసారి ఇంట్లో మైకు ముందు నిలబడ్డాను. హాల్లో ఆయన పెట్టె మీద అరచేయి ఆనించి, కళ్లు పెద్దవి చేసుకుని, వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను గోడ చాటున ఉన్నాను, నా పెదాలు కనపడవు.

"అన్నం తింటరా?" అన్నాను. హాలంతా దద్దరిల్లింది.

"తింటానోయ్!" అన్నాడు సంబరంగా.

నాకెందుకో అనుమానం వచ్చింది. అదే తీరున, అదే గొంతుతో, "ఓ మొద్దు మొగుడా, నిన్ను చేసుకుని నేనేం సుఖపడ్డ?" అన్నాను.

"సరే సరే, వస్తున్నా, వడ్డించు!" అన్నాడు.

మైకు ఆపేసి సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని వెళ్లి వడ్డించాను. "ఎలా ఉంది నా పెట్టె?" అని అడిగాడు. "భేషుగ్గ ఉంది" అన్నాను, ముఖం ఎదురుగా పెట్టి, పెదాలు బాగా కదిపి. మాకు అదొక నాటకం అయిపోయింది. ఆయన విన్నట్టు, నేను నమ్మినట్టు.

స్టూడియోలో ఒక రోజు డైరెక్టరు, "మేడమ్, జలుబు చేసిందా?" అన్నాడు. ఇంకోసారి, "హీరోయిన్ వద్దులెండి, అమ్మ క్యారెక్టర్ చెప్తారా?" అన్నాడు. కొన్నాళ్లకు అమ్మకు కూడా పిలవలేదు. పై స్వరానికి వెళ్తే గొంతు చీలిపోయేది, మధ్యలో గాలి వచ్చేది. గొంతు డాక్టరు లోపలికి కెమెరా పెట్టి చూసి, అరిచి అరిచి స్వరతంత్రుల మీద కాయలు కాశాయన్నాడు. "టీచరా మీరు?" అని అడిగాడు. ఇక మీదట గట్టిగా మాట్లాడొద్దు, వీలైతే మాట్లాడనే వద్దు అన్నాడు. వినపడని మొగుడు, మాట్లాడకూడని పెళ్లాం. సినిమాలో పెడితే జనం నవ్వుతారు.

ఆ డాక్టరు దగ్గర నుంచి తమ్ముడు నన్ను ఇంటి దగ్గర దింపిన మధ్యాహ్నం మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. వెనక గదిలో గిటార్ వాయిస్తున్నాడు. గడపలో నిలబడ్డాను. తీగల మీద అరచేయి పరిచి తల ఎత్తాడు. నా ముఖం చూసి లేచి వచ్చాడు. చెప్పబోతే గొంతు రాలేదు. ఫోనులో టైపు చేసి చూపించాను, నా గొంతు పోయింది, ఇక పని లేదు అని.

చదివి, అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివాడు. "ఎవడన్నాడు?" అన్నాడు కోపంగా. ఆయనకు కోపం రావడం నేను పెద్దగా చూడలేదు. "పొద్దున్న పాలవాణ్ని తిట్టావు. నేను విన్నాను. నీ గొంతు ఏం మారలేదు."

ఆయన వినలేదు. నా పెదాలు చూశాడు, అంతే. పొద్దున పాలవాణ్ని తిట్టిన గొంతు నాకు తెలుసు, గరుకు కాగితంతో చెక్క రుద్దినట్టుంది. కానీ ఈయన చెప్తున్నాడు, నా చేయి పట్టుకుని. "ముక్కులో మొదలవుతుంది. 'ఏందీ' అన్నప్పుడు చివర్లో పైకి లేచి, అక్కడ చిన్నగా వణుకుతుంది. కోపం వస్తే వణకదు, నవ్వు ఆపుకుంటే వణుకుతుంది. పొద్దున్న వణికింది. పాలవాడి మీద నీకు కోపం లేదు, నాకు తెలుసు."

పెదాలు కదలడం చూసి, తలలో దాచుకున్న నా పాత గొంతును వాటికి జత చేసుకుంటున్నాడు. నేను జీవితమంతా చేసిన పని అదే కదా, కదిలే పెదాలకు గొంతు పెట్టడం. ఆయన నాకు డబ్బింగ్ చెప్తున్నాడు. నాకు గొంతు ఉన్నన్నాళ్లూ సినిమాలోళ్లకు ఇచ్చాను. నాకు లేనప్పుడు మా ఆయన ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో చెక్క పొట్టు మీద కూర్చుని, మాటలు లేకుండా ఎంతసేపు ఏడ్చామో తెలియదు.

ఆ తర్వాత డాక్టరు మాట వినలేదు నేను. గట్టిగా అరవలేదు గానీ, ఆయన ఎదురుగా కూర్చుని, పెదాలు కదుపుతూ, మెల్లగా నా తీరున మాట్లాడుతూనే ఉన్నాను. నాకు వినిపించేది గరుకు. ఆయనకు వినిపించేది పాతది. నా ఇంటి గొంతు ఉండటానికి ఇక ఆ ఒక్క చోటే ఉందని తెలిసి, తిట్టడానికి ఏదో ఒక వంక వెతుక్కునేదాన్ని. కావాలనే ఉప్పు తేవడం మర్చిపోయేవాడు ఆయన కూడా.

పోయిన చలికాలం పొద్దున టీ తాగి ఆఫీసుకు వెళ్లినవాడు సాయంత్రానికి లేడు. గుండె. జనం వచ్చారు, ఏడ్చారు, వెళ్లారు. అందరూ ఆయన పోయాడనే అన్నారు. ఆయనతో పాటు ఇంకోటి కూడా పోయిందని ఎవరికి చెప్పను? చెప్పడానికి గొంతేది?

దినాలయ్యాక తమ్ముడు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చాడు. "అక్కా, నువ్వు చెప్పిన డబ్బింగులు దొరికినకాడికి జమ చేసిన. అన్నీ నీ గొంతే" అన్నాడు. పాపం, నా మీద ప్రేమ. కూర్చుని విన్నాను. ఎందరో అమ్మాయిలు ప్రేమించారు, అలిగారు, చచ్చిపోయారు. "ఏంటండీ" అన్నారు. "ఏందీ" అని ఒక్కటీ అనలేదు. నేను అందులో ఎక్కడా లేను.

అప్పుడు తట్టింది నాకు. "తమ్మీ, మీ బావ రికార్డు చేసుకునేటప్పుడు నేను గడప కాడ నిలవడి ఒర్రేదాన్ని. గా కంప్యూటర్ల ఉంటది నా గొంతు. చూడవా?" అన్నాను.

వాడి ముఖం మారింది. వాడు ఇంజనీరు, వాడికి తెలుసు. నాకూ తెలుసు, ఆయన చెప్పాడు కదా, తీగ కదిలితేనే ఎక్కుతుందని. తెలిసి కూడా అడిగాను. "చూద్దాం అక్కా" అన్నాడు వాడు.

వెనక గదిలో కంప్యూటర్ పెట్టి, దాని వైరు ఆయన ఆంప్లిఫైయర్‌కే తగిలించాడు. మొదటి స్విచ్చు నేనే వేశాను. బుడ్లు ఎర్రబడేదాకా ఆగి రెండోది వేశాను. బాస్ గిటార్ మోగింది. ఈసారి ఇంకే వాయిద్యమూ లేదు, అదొక్కటే, నాకు బాగా వినిపించింది. నిదానంగా నడుస్తూ నడుస్తూ వచ్చి, ఉన్నట్టుండి ఆగింది. అరచేయి తీగల మీద పడిన చప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏమీ లేదు. తమ్ముడు శబ్దం పెంచాడు. సన్నటి బుయ్‌మనే మోత తప్ప ఏమీ లేదు. కాసేపటికి గిటార్ ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకుంది.

ఇంకోటి పెట్టాడు. అందులోనూ ఆగింది. ఇంకోటి. అందులో రెండు చోట్ల ఆగింది. చెవులు బాగా పోయిన తర్వాతవి కూడా ఉన్నాయి. వాటిలో ఇంకా ఎక్కువసేపు ఆగింది. నా పెదాలు చూడాలి కదా, ఆలస్యమయ్యేది.

తమ్ముడు మౌస్ పట్టుకుని, రోజూ స్టూడియోలో అనే మాటే అన్నాడు. "అక్కా, మధ్యల గీ ఖాళీలన్నీ కట్ చేసి మంచిగ ఒక్కటే ట్రాక్ చేసిస్త. వినడానికి బాగుంటది."

నేను వాడి చేయి పట్టుకున్నాను. "కట్ చెయ్యకు తమ్మీ" అన్నాను, వచ్చిన గొంతుతోనే. "గవే నావి."

వాడు మౌస్ మీద నుంచి చేయి తీసేశాడు. గిటార్ మళ్లీ ఆగింది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం, అది మళ్లీ మొదలయ్యేదాకా.